లోపలి మడత

కుట్టుమిషన్‌ను కిటికీ దగ్గరే పెట్టాలని ఆమె పట్టుబట్టింది.

"అక్కడ ఎండ కొడుతుంది," అన్నాడు భర్త. "సబ్బుల స్టాండు జరపాలి. పైగా ఆ ముసలి మిషన్‌ను అద్దంలోంచి చూస్తే జనం దీన్ని లాండ్రీ అనుకోరు. పాత సామాన్ల కొట్టనుకుంటారు."

"అనుకోనీండి."

"వెనకగదిలో అయితే నీడగా..."

"వెనకగదిలో ఉన్నన్నాళ్ళూ ఉంది. ఇక చాలు."

ఆయన ఆమె మొహం చూసి స్టాండు జరిపాడు. ఆ మొహం ముందు ఓడిపోవడం ఆయనకు కాపురంలో అలవాటైన పనే. కిటికీ ఎందుకో ఆయనకూ తెలుసు. రోడ్డున పోయేవాళ్ళకు మిషన్ కనబడాలి. అందరికీ కాదు, ఒక్క మనిషికి.

ఆ మనిషి ఆమె అన్నయ్య.

గుండ్రటి అద్దాల వెనక ఊరి బట్టలన్నీ తిరిగే ఈ హాలు ఒకప్పుడు వాళ్ళ నాన్న టైలరు షాపు. అన్నాచెల్లెళ్ళిద్దరూ కటింగ్ బల్ల కిందే పెరిగారు. అన్నయ్య పొడుగ్గా, సన్నగా, గాలేస్తే ఊగిపోయేలా ఉండేవాడు. నాన్న అతన్ని సూది అనేవాడు. అతను ఎటు పోతే అటు వెంటపడే ఈమెను దారం అనేవాడు. "సూది ఇంటికొచ్చిందా? అయితే దారం కూడా వచ్చే ఉంటుందిలే" అని అన్నానికి కూర్చునేవాడు.

నాన్నకు ఒక పట్టింపు ఉండేది. చొక్కా కొత్తగా కుట్టినా, పాతదాని సైజు తగ్గించినా, పక్కకుట్టు లోపల మిగిలిన గుడ్డను కోయనిచ్చేవాడు కాదు. రెండు వేళ్ళ వెడల్పున మడిచి లోపలే దాచేవాడు. "గుడ్డ వాళ్ళది. మనిషి రేపు ఒళ్ళు చేస్తాడో, చిక్కిపోతాడో మనకేం తెలుసు? చోటుంచాలి," అనేవాడు. షాపులో మొదలైన ఆ మాట ఇంట్లోకి కూడా వచ్చేసింది. పిల్లలు కొట్టుకుంటే అమ్మ వంటింట్లోంచే కసిరేది: "కోసుకోకండర్రా, మడిచిపెట్టుకోండి!" ఏ చుట్టంతోనైనా రాకపోకలు ఆగిపోతే "మడత కోసేశారు" అనుకునేవాళ్ళు. బయటివాళ్ళకు ఆ మాట అర్థమయ్యేది కాదు.

నాన్న పోయాక షాపుకు కొత్త చొక్కాలు రావడం మానేశాయి. జిప్పులు వేయించుకునేవాళ్ళే మిగిలారు. ఆమే, భర్తా కలిసి బట్టలుతికే మిషన్లు తెద్దామనుకున్నారు. అన్నయ్య కాదనలేదు. "ఒక మూల నాన్న మిషన్ ఉండనీ. నేను కుట్టుకుంటా," అన్నాడు అంతే.

"ఇప్పుడెవరు కుట్టించుకుంటున్నారన్నయ్యా? ఆ మూల ఇంకో డ్రయ్యరు పడుతుంది," అంది ఆమె.

ఆ మాట భర్త అనలేదు. ఆమే అంది. కటింగ్ బల్లను పాత సామాన్లవాడికి ఇచ్చేసింది కూడా ఆమే. బల్ల గుమ్మం దాటుతుంటే అన్నయ్య చూస్తూ నిలబడ్డాడు.

"మడత కూడా మిగల్చకుండా కోసేశావు కదే, దారం," అన్నాడు. తర్వాత చేతిసంచీ భుజాన వేసుకున్నాడు. "నాన్న మిషన్ మళ్ళీ ముందుగదిలోకి వచ్చిన రోజు నేనూ వస్తా. అప్పటిదాకా నన్ను పిలవకు."

పిలవలేదు. పంతం ఆమెకు మాత్రం తక్కువా? సబ్బుపొడి బస్తాల వెనక మిషన్ మగ్గిపోయింది. మొదట్లో అన్నయ్య ఫలానా ఊళ్ళో ఉన్నాడని చుట్టాలు చెప్పేవాళ్ళు. చెప్పే చుట్టాలూ ఒక్కొక్కరే పోయారు. మిషన్‌ను ముందుకు లాగాలని ఎన్నిసార్లు అనుకుందో. లాగితే ఓడిపోయినట్టు. లాగకపోతే అన్నయ్య లేనట్టు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఇన్నాళ్ళకు ఒక సాకు దొరికింది. సైడు ఆదాయం.

ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. గిరాకీ పెరుగుతుందని మొగుడూ పెళ్ళాం మురిసిపోయారు. తీరా చూస్తే ప్రతి ఫ్లాటుకీ సొంత వాషింగ్ మిషన్. షాపులో మిషన్లు సగం ఖాళీగా, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. అప్పటి నుంచి భర్త ప్లాన్లు మొదలయ్యాయి. వీధిలో ఆయన పేరే ప్లాన్లాయన అయిపోయింది.

"ఉతుకుడు ఒక్కటే నమ్ముకుంటే మునిగిపోతాం. ఉతుకుడు చుట్టూ ఏదో ఒకటి అమ్మాలి," అనేవాడు.

ముందు టీ మిషన్ పెట్టాడు. ఉతికిన తెల్ల దుప్పట్ల మీద టీ ఒలికింది. ఆ దుప్పట్లన్నీ ఊరికే మళ్ళీ ఉతికిచ్చారు. తర్వాత బూట్లు ఉతుకుతామని బోర్డు కట్టాడు. డ్రయ్యరులో వేస్తే అవి దడదడా బాదుకున్నాయి. లోపల ఎవరో ఇరుక్కుపోయారనుకుని ఒక ముసలావిడ సంచీ వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తింది. చివరికి నిలబడింది ఇస్త్రీ, మడతపెట్టి ఇంటికి చేర్చడం. చేర్చే పని మూలమీద స్టాండులో ఉండే ఆటోవాడు చూసుకునేవాడు. మాటకు ముందు నవ్వే మనిషి. ఆమెను అక్కా అనేవాడు.

"ఇంకేదైనా నువ్వూ చెప్పు, అన్నీ నేనే ఆలోచిస్తే ఎలా?" అని ఒకరోజు భర్త విసుక్కున్నాడు.

ఆమె తడి తువ్వాలు దులుపుతూ, ఆయన వైపు చూడకుండా, "కుట్టు రిపేర్లు," అంది.

ఆయన ఇస్త్రీపెట్టె కింద పెట్టాడు. "అంటే... మీ అన్నయ్య..."

"గుండీలు, జిప్పులు, సైజు తగ్గించడం. వచ్చే బట్టల్లో సగం చిరుగులే. కళ్ళ ముందు పోతున్న పని. అంతే," అంది గబగబా.

మిషన్‌కు నూనె పోసి, తుప్పు గీకి, కొత్త బెల్టు వేసింది. కిటికీలో కూర్చుని కాలు ఆడిస్తే ఆ చప్పుడు ఉతికే మిషన్ల హోరును చీల్చుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళింది. రోజూ రోడ్డు వైపు తిరిగి కుట్టేది. సన్నటి మనిషి ఎవరు పోతున్నా కాలు ఆగిపోయేది.

పని మాత్రం విరగబడి వచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఉతికే మిషన్లు ఉన్నాయి గానీ సూది పట్టేవాళ్ళు లేరు. స్కూలు యూనిఫాంలు, ఆఫీసు ప్యాంట్లు, కర్టెన్లు. ప్లాన్లాయన ముఖం వెలిగిపోయింది. అంచులు శుభ్రంగా కోసి, దారంతో అల్లేసే కొత్త ఓవర్‌లాక్ మిషన్ కూడా తెచ్చాడు. "రెడీమేడ్‌లా నున్నగా ఉండాలే. మీ నాన్నలా లోపల మూటలు కట్టకు, నేటి జనానికి గుచ్చుకుంటుంది," అన్నాడు. ఆమె వినలేదు. ఎవరి చొక్కా తగ్గించినా లోపల రెండు వేళ్ళు మడిచే పెట్టేది.

ఆ రద్దీలోనే ఆ సంచీ వచ్చింది.

"మా వెనకింట్లో అద్దెకుండే ఆయనది అక్కా," అన్నాడు ఆటోవాడు. "రెండు పక్కలా తగ్గించాలట. ఎంతవరకో పిన్నులు పెట్టాడు."

భారీ చొక్కా. ఇద్దరు దూరేంత. రెడీమేడ్. పక్కల్లో గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. అందరూ గుచ్చినట్టు నిలువుగా కాదు, అడ్డంగా, మిషన్ పాదం వాటి మీదుగా ఆగకుండా పోయేలా. 'కుట్టు తెలిసిన చెయ్యే,' అనుకుంది ఒక్క క్షణం. అంతలో ఎవరో జిప్పు కోసం కేకేశారు. పిన్నులు డబ్బాలో వేసి, చొక్కా తగ్గించి, మిగిలింది మడిచి పంపించింది.

కొన్నాళ్ళకు మరో చొక్కా వచ్చింది. అదే మనిషిది, ఇంకా తక్కువ సైజుకు. ఆ తర్వాత మొదటిదే వెనక్కి వచ్చింది, మళ్ళీ తగ్గించమని.

"ఏం తమ్ముడూ, మీ వెనకింటాయన కరిగిపోతున్నాడే!" అంది ఆమె.

ఆటోవాడు సంచీ సర్దుకుంటూ ఉండిపోయాడు.

"పెళ్ళిచూపులేమో," అన్నాడు ప్లాన్లాయన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి. "పొద్దున్నే పార్కు చుట్టూ పరుగులు పెడుతుంటాడు. నాకూ ఒక పిల్లని చూస్తే నేనూ తగ్గుతా."

"మీరు టీ మిషన్ మళ్ళీ పెట్టండి, దానంతటదే తగ్గుతారు. ఏం తమ్ముడూ, నిజంగా నడుస్తున్నాడా ఆయన?"

"ఆఁ... అలాంటిదే అక్కా," అన్నాడు ఆటోవాడు. ఆ రోజు మాటకు ముందు నవ్వలేదు. ఆమె గమనించలేదు.

మళ్ళీ చొక్కా వచ్చినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది. లోపల మడత మీద మడత పడి, చంక కింద దిండులా లావెక్కింది. ఇంత కష్టపడి తగ్గిన మనిషి ఈ మూటలు మోయడమెందుకు? ముఖం కూడా తెలియని ఆ మనిషి మీద ఆమెకు ఎందుకో ముచ్చటేసింది. ఒక మంచి పని చెయ్యాలనిపించింది. కత్తెర తీసుకుంది. నాన్న మాట గుర్తొచ్చింది గానీ, ఇది వేరు కదా అనుకుంది. మడత మొత్తం కోసేసి, ఓవర్‌లాక్ మీద అంచు నున్నగా అల్లింది. చెయ్యి పెట్టి చూస్తే లోపల ఏమీ తగల్లేదు.

"ఆయనకు చెప్పు తమ్ముడూ," అంది సంచీ అందిస్తూ, నవ్వుతూ. "మడత కోసేశానని. ఇక దాని అవసరం లేదని చెప్పు. గుర్తుంటుందా? మడత కోసేశా, ఇక అవసరం లేదు."

"మడత కోసేశావు, ఇక అవసరం లేదు," అని అప్పగించి ఆటోవాడు వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ ఇంటి నుంచి సంచీ రాలేదు. ఆమె ఒకట్రెండుసార్లు అడిగింది. "బాగానే ఉన్నాడు," అన్నాడు ఆటోవాడు, కళ్ళు తప్పిస్తూ. చివరికి ఒక మధ్యాహ్నం, షాపులో కాస్త తెరిపిగా ఉన్న వేళ, సంచీ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"ఇది ఆఖరుదట అక్కా. దీంట్లో కూడా మడత కోసెయ్యమన్నాడు. 'కోసేది ఎలాగూ కోసింది, ఇది మాత్రం ఎందుకు మిగలాలి' అని అన్నాడు. సాయంత్రం వచ్చి తీసుకుంటా."

వింత మాట అనిపించింది. అడిగేలోపు ఆటో ఎక్కేశాడు.

సంచీలో చొక్కా లోపలివైపు బయటికి తిప్పి ఉంది. చాలా పాతది. కిటికీ దగ్గర కూర్చుని, బ్లేడు తీసుకుని, పక్కకుట్టు చివర పట్టుకుంది. బ్లేడు ఆగిపోయింది.

కుట్టు చివర దారం తెంపి లేదు. వెనక్కి మళ్ళించి, మడత లోపలికి తోసి, అక్కడ దాచి ఉంది. ముడి లేదు. ప్రపంచంలో టైలర్లందరూ ముడి వేస్తారు, లేదా రెండు కుట్లు వెనక్కి కొట్టి తెంపుతారు. దారాన్ని అలా దాచే మనిషి ఒక్కడే ఉండేవాడు, నాన్న. "దారం కనబడకూడదు, కానీ ఉండాలి," అని ఈమె బుగ్గ గిల్లేవాడు.

మడత వెడల్పు కొలిచింది. రెండు వేళ్ళు. చొక్కా తిరగేసింది. ఉతికి ఉతికి బూడిదరంగైపోయిన చారలు. మడత కొస విప్పి లోపల చూస్తే ముదురు నీలం, కొత్త గుడ్డలా. అన్నయ్య మొదటిసారి పనిలో చేరిన రోజు నాన్న కుట్టిన చొక్కా. గుండీలు కుట్టింది ఈమే. పైనుంచి రెండోది వంకరగా ఉంది. ఇప్పటికీ వంకరగానే ఉంది.

అడ్డంగా గుచ్చిన పిన్నులు. ఇద్దరు దూరేంత చొక్కా. ఇన్నేళ్ళూ సన్నటి మనిషి కోసమే రోడ్డు వైపు చూసింది. సూది లావు కాగలదని ఒక్కసారైనా అనుకోలేదు.

"ఏవండీ!" ఆ అరుపుకు ప్లాన్లాయన ఇస్త్రీపెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఆటోవాణ్ణి పట్టుకురండి. ఎక్కడున్నా సరే. ఇది అన్నయ్య చొక్కా."

ఆయన అటు నుంచి అటే రోడ్డు మీదికి ఉరికాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగేసరికి ఆమె మిషన్ మీద ఉంది. ఒక పక్క కుట్టు అప్పటికే విప్పేసింది. నాన్న దాచిన గుడ్డనంతా బయటికి లాగి, కొసకు ఆనుకుని కొత్త కుట్టు వేస్తోంది.

"ఎక్కు, వెళ్దాం పద," అన్నాడు భర్త రొప్పుతూ. "పక్క వీధేనట."

"ఒక్క పక్క అయింది. రెండోది కూడా కానీండి."

"పిచ్చిదానా, ముందు మనిషిని చూడవే!"

"ఏం మొహం పెట్టుకుని చూడను? కోసిపంపింది నేనే. ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెప్పను, తెలీక కోశానని చెప్పనా? నమ్ముతాడా? ఆ పిన్నులు చూసి కూడా నేను పోల్చుకోలేదంటే నమ్మేవాడేనా?" కాలు ఆగలేదు. "దీన్ని విప్పి ఒళ్ళో పెడతా. అప్పుడు నేను చెప్పక్కర్లేదు."

ఆటోవాడు గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"ఆయన నీ అన్నయ్య అని నాకు తెలీదక్కా. ఒట్టు. ఆస్పత్రి కోసం ఈ ఊరొచ్చానన్నాడు. ఆస్పత్రులు అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి కదా బాబాయ్ అంటే నవ్వాడు. లివరు పాడైపోయింది. ఒకరోజు ఆటోలో తీసుకెళ్తుంటే ఇక్కడ ఆపమన్నాడు. ఈ కిటికీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. దిగుతావా అంటే, 'ఈ అవతారంలో కాదు. ముందు చొక్కాలు పంపిద్దాం' అన్నాడు. జబ్బు సంగతి చెబితే మాత్రం మాట్లాడనన్నాడు."

"నేను చెప్పమన్న మాట చెప్పావా?"

"చెప్పా. మడత కోసేసింది, ఇక అవసరం లేదంది, అని. ఆయన చొక్కా లోపల చెయ్యి పెట్టి చూసుకున్నాడు. 'సరే. పోల్చుకుందన్నమాట' అన్నాడు."

మిషన్ చప్పుడు ఒక్క కుట్టు తప్పి మళ్ళీ అందుకుంది.

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"చిక్కి పుల్లయ్యాడు. కానీ నిన్నటి నుంచి వాపులొచ్చాయి. కాళ్ళు, పొట్ట. నువ్వు మడత కోసిన ఆ చొక్కాకు గుండీలు పట్టడం లేదు."

చంక దగ్గరికి రాగానే కింది దారం అయిపోయింది. బాబిన్ తీసి, దారం చుట్టి, మళ్ళీ ఎక్కించాలి. భర్త తీసుకోబోతే బాబిన్ జారి కింద పడి, డ్రయ్యరు కిందికి దొర్లింది. ముగ్గురూ నేల మీద పాకారు. ఆటోవాడు సబ్బుపొడి గరిటతో దాన్ని బయటికి లాగాడు. ఆమె మళ్ళీ కూర్చుంది. చివర ముడి వెయ్యలేదు. దారాన్ని వెనక్కి మళ్ళించింది. దాచడానికి మడత మిగల్లేదు గనక కుట్టు కిందికి తోసింది.

"పదండి," అంది.

ఆటో నిజంగానే పక్క వీధిలోకే వెళ్ళింది. వెనకింటి తలుపుకు తాళం వేసి ఉంది. ఇంటావిడ గేటు పట్టుకుని నిలబడింది. ఆటోవాణ్ణి చూసి మండిపడింది.

"ఎక్కడ చచ్చావయ్యా? ఆయనకు ఊపిరాడక కొట్టుకుంటుంటే నీకోసం వీధంతా వెతికాం. స్టాండులో లేవు. ఫోను తియ్యవు. బండి దొరకలేదు. చివరికి కూరగాయల వ్యాను ఆపి, ఎక్కించి ఆస్పత్రికి పంపాం. అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. 'ఆటో ఎక్కడికి పోయింది' అని అడుగుతూనే ఉన్నాడు."

ఆటోవాడు ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా అతని వైపు చూడలేదు. ఆటో ఎక్కడ ఉందో ముగ్గురికీ తెలుసు. ఆమె షాపు గుమ్మం ముందు ఉంది. రెండో పక్క కుట్టు అయ్యేదాకా.

ఆస్పత్రిలో పొడుగాటి వార్డు. కొసన కిటికీ పక్క మంచం. అక్కడ పడుకున్న మనిషిని ఆమె వెంటనే పోల్చుకోలేకపోయింది. ముఖం సూదంత సన్నం. చేతులు కర్రపుల్లలు. దుప్పటి కింద పొట్ట మాత్రం ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఎత్తుగా ఉంది. ఛాతీ మీద బట్ట లేదు.

"మీరేమవుతారు?" అంది నర్సు.

"చెల్లెల్ని."

"ఇన్నాళ్ళూ ఎవరూ లేరన్నాడే?"

ఆమె చూపు కిందికి దించుకుంది. మంచం కింద రేకు తొట్టిలో ఒక చొక్కా పడి ఉంది. మధ్యలోంచి రెండుగా కత్తిరించి ఉంది. నర్సు అటు చూసి, సంజాయిషీగా చెప్పింది: "వాపుకు బిగిసిపోయిందమ్మా. ఊపిరి ఆడ్డం లేదు, గుండీలు రాలేదు. విప్పుదామంటే లోపల కొంచెం గుడ్డ కూడా లేదు. కత్తిరించాల్సొచ్చింది."

తొట్టి అంచు మీద ఓవర్‌లాక్ కుట్టు నున్నగా మెరుస్తోంది.

ఆమె సంచీలోంచి నాన్న చొక్కా తీసింది. అన్నయ్య ఒక చేతికి సెలైన్ సూది గుచ్చి ఉంది, ఆ చెయ్యి కదపొద్దన్నారు. రెండో చేతిని మెల్లిగా దూర్చింది. భర్త భుజం ఎత్తి పట్టుకున్నాడు. ముందు రెండు పక్కల్నీ దగ్గరికి లాగింది. సరిపోయింది. పొట్ట మీదుగా గుండీలు పట్టాయి. వంకర గుండీతో సహా. రెండు పక్కలా చంక నుంచి నడుం దాకా ముదురు నీలం పట్టీ, ఇన్నేళ్ళ ఎండ తగలనిది, నిన్న కొన్నట్టుగా ఉంది.

"అన్నయ్యా. నేను, దారాన్ని. మిషన్ ముందుగదిలో పెట్టానన్నయ్యా. చూశావు కదా. నీకోసమే పెట్టా."

కళ్ళు తెరవలేదు. కానీ చొక్కాలో దూర్చిన చెయ్యి కదిలింది. వేళ్ళు తడుముకుంటూ పొట్ట మీదుగా పక్కకు పాకాయి. కుట్టు దొరికింది. చొక్కా కింది అంచులోంచి లోపలికి దూరి, కుట్టు వెంట వెతికాయి. అతను ఏం వెతుకుతున్నాడో ఆమెకు తెలుసు. మడత కోసం.

మడత లేదు.

కోసేసినా లోపల ఏమీ తగలదు. మొత్తం విప్పేసినా లోపల ఏమీ తగలదు. నీలం పట్టీ కళ్ళున్నవాడికి. మూసిన కళ్ళకు రెండూ ఒకటే. వేళ్ళు ఆగిపోయాయి. కుట్టు వదిలేసి దుప్పటి మీదికి జారాయి.

"కాదు, కాదన్నయ్యా! కొయ్యలేదు! విప్పాను, మొత్తం విప్పేశాను!" వార్డంతా తిరిగి చూసింది. నర్సు నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమె ఆ చేతిని పట్టుకుని, చూపుడు వేలును చొక్కా పైవైపున పెట్టింది. అక్కడ నీలం పట్టీకి, బూడిదరంగుకీ మధ్య నాన్న పాత కుట్టు రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఇన్నేళ్ళ ఇస్త్రీకి గట్టిపడిన గీత. "ఇది నాన్న కుట్టు. ఇదిగో. ఇంతకుముందు ఇది కొస. ఇప్పుడు చూడు, దీనికి అవతల గుడ్డ ఎంతుందో. కోస్తే ఇది ఉండదు కదా. నీకు తెలుసు కదా అన్నయ్యా, కోస్తే ఈ గీత ఉండదు."

ఆమె చెయ్యి వదిలేసింది.

వేలు అక్కడే ఉంది. తర్వాత కదిలింది. చాలా మెల్లిగా, ఒక రంధ్రం, ఇంకో రంధ్రం, నడుం దగ్గర్నుంచి పైకి, మిషన్ పాదం కింద గుడ్డ జరిగినట్టు. గీత దాటి పక్కకు వెళ్ళి నీలం పట్టీ వెడల్పు తడిమింది. మళ్ళీ గీత మీదికి వచ్చింది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వో, దగ్గో, ఆమెకు తెలియలేదు. వేలు ఛాతీ పక్కగా ఎక్కుతూ చంక కింద కుట్టు చివరి దాకా వెళ్ళింది. దారాన్ని నాన్న వెనక్కి మళ్ళించే చోటు అది.

అక్కడ ఆగింది.

ఆ వేలు కూడా వెనక్కి మళ్ళుతుందని ఆమె వంగి చూస్తూ ఉండిపోయింది. నర్సు వచ్చి, అతని నాడి చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసేదాకా అలా చూస్తూనే ఉంది.